ఏ బస్తాలో పిండి మంచిది

జ్వరం వదిలాక మౌలాలి మొదటిసారి లేచి కూర్చున్నది ఒక గురువారం సాయంత్రం. ముందు గదిలో సాంబ్రాణి వేశారు. పొగ అతని ముఖం మీదుగానే పోయింది. కళ్ళు మండాయి గానీ వాసన మాత్రం రాలేదు.

నీరసం వల్ల అనుకున్నాడు. మరునాడు వంటింట్లో వెల్లుల్లి వేగుతుంటే పోయి పక్కనే నిలబడ్డాడు. ఏమీ తెలియలేదు. అప్పుడిక భయం వేసింది. పిండి తొట్టి మూత తీసి, తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చాడు. తుమ్ములు వచ్చాయి, అంతే. చిటికెడు పిండి నాలుక మీద వేసుకున్నాడు. మట్టి వేసుకున్నా అంతకంటే తేడా ఉండేది కాదు.

ఇంకొకరికైతే ఇదేమంత పెద్ద కష్టం కాదు. నాలుగు రోజులు చప్పిడి కూడు తింటున్నట్టు సరిపెట్టుకుంటారు. మౌలాలికి అలా కుదరదు. అతని పేరు, పని, పరువు అన్నీ ఆ ముక్కు మీదే నిలబడి ఉన్నాయి.

అతను ఎర్రగుట్ట తకియాలో రొట్టెలు కాల్చేవాడు. తకియా అంటే ఫకీర్లు ఉండే ఇల్లు. తుంగభద్రకు ఇవతల నల్లరేగడి పొలాల మధ్య ఉంది అది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ జొన్నరొట్టె తినే ఊళ్ళే. తకియాలో మాత్రం గోధుమ రొట్టె. ఆ ఇల్లు కట్టిన గురువు, పెద్ద పీరు, ఏ దూరదేశం నుంచో వస్తూ ఆ అలవాటు వెంట తెచ్చుకున్నాడట. పిండిని జల్లించకూడదు. పొట్టుతో సహా కలిపి, నిన్నటి ముద్ద తోడు వేసి పులియబెట్టి, తందూరు పొయ్యిలో కాల్చి, గడప తొక్కినవాళ్ళందరికీ పెట్టాలి.

మౌలాలి పుట్టుకతో దూదేకులవాడు. ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. ఏకే పని దొరకడం తగ్గి, ఇంట్లో పెళ్ళాం కూడా కన్నుమూశాక, ఎటు పోవాలో తెలియక ఒకనాడు ఈ గడప తొక్కాడు. అప్పట్లో రొట్టెలు చూసే బుడేన్ సాబు అతన్ని పిండి పిసకడానికి పెట్టుకున్నాడు. పోతూ పోతూ అందరూ వింటుండగా, "నాకంటే వీని ముక్కు మంచిది, పొయ్యి వీనికియ్యండి" అని చెప్పి పోయాడు. మౌలాలిని బతుకులో ఎవరైనా మెచ్చుకున్నారంటే అది ఆ ఒక్క మాటే. దాన్ని అతను తాయెత్తులా ఒంటికి కట్టుకుని తిరిగాడు.

పిండి ఎంచడం నిజంగానే విద్య. రంగు చూడాలి, తెల్లగా ఉండకూడదు, పొట్టు పలుకులు కనపడాలి. వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి గరుకు తగలాలి. గుప్పిట్లో పిసికితే ముద్ద నిలవాలి, వేలితో తడితే విరగాలి. చెయ్యి పెడితే చల్లగా ఉండాలి, వెచ్చగా ఉంటే మర వేగంగా తిప్పి పిండిని కాల్చేశారన్నమాట. ఇదంతా కళ్ళున్నవాడు, చేతులున్నవాడు ఎవడైనా నేర్చుకోవచ్చు. అసలైనది ఆ తర్వాత ఉంటుంది. పొట్టుతో ఉన్న పిండి ఎండలకు తొందరగా ముక్కిపోతుంది, చేదెక్కుతుంది. పైకి ఏ తేడా ఉండదు. రంగు అదే, గరుకు అదే, చల్లదనం అదే. ముక్కు ఒక్కటే చెప్పాలి ఆ సంగతి.

అందుకే మౌలాలి ఎవరికీ చెప్పలేదు. ముక్కు పోయిందంటే పొయ్యి పోయినట్టే, పొయ్యి పోతే తాను మళ్ళీ ఎవరికీ అక్కరలేని మనిషే. నాలుగు రోజులాగితే అదే వస్తుందిలే అనుకున్నాడు. వాసన రాలేదు. తకియాలో పిండి మాత్రం నిండుకుంది.

*

పిండి అంగడి ఓబులశెట్టిది. మూడు నాలుగు బస్తాలు మూతులు విప్పి వరసగా పెట్టి ఉంటాయి. మౌలాలి వచ్చాడంటే అంగట్లో సందడి. తకియా రొట్టె ఒకసారి తిన్న ఆడవాళ్ళు చాలామంది ఇంట్లో కూడా చేసుకోవడం మొదలుపెట్టారు. తందూరు లేకపోతే పెనం మీద మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాలుస్తారు. ఏ పిండి తీసుకోవాలో వాళ్ళకి పెద్ద బెంగ లేదు. మౌలాలి ఏ బస్తా చూపిస్తే ఆ బస్తాలోదే తూయించుకుంటారు.

ఆ రోజూ అలాగే నలుగురు సంచులు పట్టుకుని నిలబడ్డారు. మౌలాలి మొదటి బస్తా దగ్గర కూర్చుని రంగు చూశాడు, రుద్దాడు, పిసికాడు. ఆఖరుకు గుప్పెడు తీసుకుని కళ్ళు మూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఎప్పటికంటే ఎక్కువసేపు పీల్చాడు. రెండో బస్తా దగ్గరా అంతే. మూడోదాని దగ్గరా అంతే. అన్నీ ఒకటే. గాలి పీల్చి వదిలినట్టుంది.

"ఏది సామీ?" అంది కుళ్ళాయమ్మ. బోయగేరిలో ఉంటుంది, ఆమెకు ఒక కూతురు.

ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. రెండో బస్తా రంగు కాస్త బాగున్నట్టు తోచింది. "ఇది" అన్నాడు. ఓబులశెట్టి ఒక్క క్షణం అతని ముఖం వైపు చూసి, ఏమీ అనకుండా తక్కెడ అందుకున్నాడు.

ఆ అబద్ధం ఎంత తేలికగా వచ్చిందో మౌలాలికే ఆశ్చర్యం వేసింది. దారి పొడవునా భయం వేసింది గానీ, తకియా చేరేసరికి అది కూడా సర్దుకుంది.

*

తకియాలో భోజనానికి నేల మీద పొడవాటి గుడ్డ పరుస్తారు. దాన్ని సుప్ర అంటారు. సుప్ర ముందు కూర్చున్నవాళ్ళు అన్నాన్ని ఏమీ అనకూడదు. పెద్ద పీరు నాటి నుంచి ఉన్న కట్టుబాటు అది. బాగుంటే తింటారు, బాగాలేకపోతే ఓర్చుకుని తింటారు, లేదా ఆకలి లేదని లేస్తారు. వండినవాడి మనసు నొప్పించకూడదని పెట్టుకున్న మంచి నియమం. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పలేదు.

ఆ సాయంత్రం కొత్త పిండి రొట్టెలు వచ్చాయి. అందరూ తిన్నారు. లాల్ సా తాత కూడా తిన్నాడు. తకియాకు ఇప్పటి పీరు ఆయనే, మౌలాలికి గురువు. రొట్టె తుంచుకుని, నెమ్మదిగా నమిలి, అల్లాకు షుకర్ చెప్పి లేచాడు. మౌలాలి వరస పొడవునా ముఖాలు చూశాడు. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. సరిగ్గానే ఎంచానన్నమాట, అదృష్టం బాగుంది అనుకున్నాడు. తను తిన్నదానికి రుచీ పచీ తెలియలేదు. జ్వరం తర్వాత ఏది తిన్నా అంతే కాబట్టి, పట్టించుకోలేదు.

మరోసారి పిండి తెచ్చాడు. ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ అదే నాటకం, అదే రెండో బస్తా.

అతన్ని ఇబ్బంది పెట్టింది ఒక్క ఫక్కీరమ్మవ్వే. ఆమె లాల్ సా తాతకు అక్క. ఎండాకాలమంతా కడుపు జబ్బుతో మంచాన పడి, ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. ఏది పెట్టినా వద్దనేది గానీ, మౌలాలి కాల్చిన రొట్టె పాలలో నానబెట్టి ఇస్తే మాత్రం తినేది. దానితోనే ప్రాణం నిలబడిందని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిది ఇప్పుడు సగం వదిలేస్తోంది. తర్వాత్తర్వాత రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని గిన్నె పక్కన పెట్టేయడం మొదలుపెట్టింది.

"బాగాలేదా అవ్వా?" అన్నాడు మౌలాలి ఒకరోజు, మంచం పక్కన కూర్చుని.

"ఆకలి కాలేదు నాయనా."

"నిన్నా అట్లనే అంటివి."

"నిన్నా కాలేదు" అంది అవ్వ, గోడ వైపు తిరిగి.

రోజురోజుకూ ఆమె మణికట్లు సన్నబడ్డాయి. మంచం మీద దుప్పటి కింద మనిషి ఉన్నట్టే అనిపించడం లేదు. జబ్బు తిరగబెట్టిందని అందరూ గుసగుసలాడుకున్నారు. మౌలాలికి దుఃఖం వచ్చింది. తల్లి మొహం ఎరగని అతనికి ఆ ఇంట్లో అవ్వే తల్లి. పోయి తాత ముందు నిలబడ్డాడు.

"సామీ, అవ్వ తినడం ల్యా. ఏదన్నా తాయెత్తు రాసియ్యి."

లాల్ సా తాత నస్యం డబ్బీ మూత తీస్తున్నవాడు ఆగి, అతని వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

"రాస్తాలే" అన్నాడు. "రేపు అంగడికి ఎప్పుడు పోతావు?"

"పొద్దున్నే సామీ."

"నేనూ వస్తా."

పీరు పిండి అంగడికి రావడం ఎవరూ ఎరగరు.

*

తాత వస్తున్నాడని తెలిసి ఓబులశెట్టి అరుగు కడిగించి, చాప వేయించాడు. సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని పక్కకు జరిగారు. కుళ్ళాయమ్మ కూడా ఉంది.

తాత చాప మీద కూర్చోలేదు. నేరుగా పోయి బస్తాల ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదటి బస్తాలోంచి చిటికెడు తీశాడు. అరచేతిలో పరిచి చూశాడు. వాసన చూశాడు. నాలుక కొనకు తాకించాడు. పీరు నోటి నుంచి వచ్చే మాట కోసం ఓబులశెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మంచిదంటే ఆ బస్తా మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతుంది.

తాత రెండో బస్తాలోదీ చూశాడు. తర్వాత చేతులు దులుపుకున్నాడు.

"నాకు తెలీడం ల్యా శెట్టీ" అన్నాడు.



"పడుచువాడిగా ఉన్నప్పటి నుంచి పీలుస్తాండా ఈ నస్యం. ముక్కు ఎప్పుడో సచ్చిపాయ. నాలుకకు ఉప్పూ కారం తప్ప తెలీదు. ఏది మంచిదో, ఏది ముక్కిందో నాకేం తెలుస్తుంది?"

ఎండ ఎక్కువగా ఉందనో, వాన పడేటట్టుందనో చెప్పినంత మామూలుగా అన్నాడు ఆ మాట. ముఖంలో సిగ్గు లేదు, బాధా లేదు. ఓబులశెట్టి, "దానికేముందిలే సామీ, వయసు" అన్నాడు. ఆడవాళ్ళలో ఒకామె తలూపింది. అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు. పీరు పీరుగానే ఉన్నాడు.

తాత రెండో బస్తాలోంచి మళ్ళీ చిటికెడు తీసి, మౌలాలి అరచేతిలో వేశాడు.

"నువ్వు జెప్పు."

మౌలాలి ఆ పిండి వైపు చూశాడు. కళ్ళు మూసి, పీల్చి, ఇదీ అని చెప్పడం అతనికి అలవాటైపోయింది. చెయ్యి సగం దాకా లేచింది కూడా. పక్కన కుళ్ళాయమ్మ అప్పుడే సంచి మూతి విప్పి పట్టుకుంది. ఏ బస్తా చెబుతాడా అని అతని నోటి వైపే చూస్తోంది. ఎంత నమ్మకం ఆ చూపులో!

చెయ్యి దించాడు.

"నాకూ తెలీదు సామీ" అన్నాడు. "జరమొచ్చినప్పటి నుంచి నాకు వాసన తెలీదు. నాలుకా అంతే. ఎవురికీ చెప్పల్యా."

ఓబులశెట్టి నోరు తెరిచాడు. "అట్లయితే మొన్న రెండో బస్తా ఎట్ల తీసుకుంటివి? అది పాత సరుకప్పా! నువ్వే బాగుందంటివి గదా అని, నాకంటే నీకు బాగా తెలుసు గదా అని నేను నోరు మూసుకుంటి."

మౌలాలి తల ఎత్తలేదు. ఎవరైనా తిడితే బాగుండునని ఉంది. కుళ్ళాయమ్మ తిట్టలేదు. ఆమె సంచి మూతి మళ్ళీ ముడేసింది.

"నా కూతురు తిననంది" అంది. "చేదుగా ఉందమ్మా అని ఏడ్చింది. మౌలాలి సామి ఎంచిన పిండికి వంక పెడతావా అని కొట్టినాను. రెండు దినాలు కొట్టి తినిపించినాను."

ఆ మాట మౌలాలికి కత్తి దిగినట్టయింది. బస్తాల మధ్యన అలాగే కూలబడ్డాడు. తన ఒక్కడి పరువు దాచుకోవడానికి ఎక్కడో ఒక ఇంట్లో ఒక ఆడపిల్ల దెబ్బలు తిన్నది. నిజం చెప్పినందుకు తిన్నది.

తాత అతన్ని ఓదార్చలేదు. కోప్పడలేదు. పై తువ్వాలు తీసి, ఒక్కో మూలలో ఒక్కో బస్తా పిండి కాస్త వేసి, విడివిడిగా ముడులు వేశాడు. ఏ ముడి ఏ బస్తాదో ఓబులశెట్టిని అడిగి గుర్తు పెట్టుకున్నాడు.

"లెయ్యి" అన్నాడు. "మనిద్దరికీ తెలీదు గదా. తెలిసినోళ్ళను అడుగుదాం పా."

*

ఫక్కీరమ్మవ్వ మంచం మీద పడుకుని ఉంది. తమ్ముడు, మౌలాలి ఇద్దరూ వచ్చి పక్కన కూర్చుంటే, ఏదో చెడ్డ కబురనుకుని లేవబోయింది.

"అక్కా, ఏది మంచిదో జెప్పు" అని తాత మొదటి ముడి విప్పి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

అవ్వ తమ్ముడి వైపు చూసింది, మౌలాలి వైపు చూసింది. వాసన చూడమంటున్నారని అర్థమై, మెల్లగా పీల్చింది.

"పర్వాల్యా" అంది.

రెండో ముడి విప్పేసరికి పెట్టకముందే తల పక్కకు తిప్పేసుకుంది. "థూ. ఇది మనం తినేదే గదా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మౌలాలి ఆమె పాదాలు పట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పల్యా అవ్వా? ఒక్క మాట అనుంటే..."

"అన్నాన్ని అనగూడదు గదా నాయనా" అంది అవ్వ. "ఎన్ని దినాలు తిన్నా ఈ ఇంట్ల, ఎప్పుడన్నా అంటినా? నువ్వేమో పక్కన కూర్చుని నా నోటికల్లే జూస్తాంటివి. ఎట్ల చెప్పేది? ముసలిదాన్ని గదా, నాకే నాలుక చెడిందేమో, సచ్చే కాలం దగ్గరపడిందేమో అనుకుంటి."

తాత మూడో ముడి విప్పాడు. అవ్వ చాలాసేపు వాసన చూసింది. చిటికెడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో ఏదో మెదిలింది.

"ఇది కొత్త గింజ. తియ్యగుంది" అంది. "దీంతో చెయ్యి నాయనా, తింటా."

మౌలాలి లేచాడు. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "సామీ, ఈ పూట చేస్తా. రేపటి నుంచి పొయ్యి ఇంకెవరికన్నా ఇయ్యి. ముక్కు లేనోడు ఆ పని చేయగూడదు."

"ఈ పూట చెయ్యిపో" అన్నాడు తాత.

*

మౌలాలి తొట్టిలో ఉన్న పిండంతా తీసి గొయ్యి తవ్వి పూడ్చాడు. ముక్కిన పిండితో పులిసిన నిన్నటి ముద్దనూ పారేశాడు. తోడు లేకపోతే ఎలాగని, పెద్ద పీరు శిష్యులదే అయిన పక్క ఊరి తకియాకు పోయి గుప్పెడు ముద్ద అడిగి తెచ్చుకున్నాడు. కొత్త పిండి కలుపుతున్నంతసేపూ కుళ్ళాయమ్మ కూతురే కళ్ళ ముందు మెదిలింది. ఆ పిల్లను అతను ఎప్పుడూ చూడలేదు. ఎంత ఉంటుందో కూడా తెలియదు. పిండిలోకి కన్నీళ్ళు పడకుండా రెండుసార్లు లేచి బయటికి పోయి వచ్చాడు.

మొదటి రొట్టెలు కాలగానే గుడ్డలో చుట్టుకుని బోయగేరికి పోయాడు. కుళ్ళాయమ్మ తలుపు దగ్గరే నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మౌలాలి గుడ్డ గడప మీద పెట్టి, రెండు చేతులూ జోడించి, వచ్చేశాడు. ఆమె తీసుకుందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. చూసే హక్కు తనకు లేదనుకున్నాడు.

సుప్ర పరిచే వేళకు తకియాలో సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎవరూ అతని ముఖం చూడటం లేదు. చూస్తే ఎక్కడ బాధపడతాడో అని. ఫక్కీరమ్మవ్వను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఆమె ముందు పాల గిన్నె పెట్టారు.

మౌలాలి రొట్టెలు పంచాడు. అందరూ తుంచుకున్నారు. నమిలారు. ఎప్పటిలాగే వరస పొడవునా ఏమీ కనపడని ముఖాలు. ఆ మౌనం ఇన్నాళ్ళూ అతనికి మెప్పులా వినపడేది. ఇప్పుడు వింటే భయమేసింది.

అతను ఖాళీ తట్ట చేతిలో పట్టుకుని సుప్ర కొనకు వచ్చి నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగని మాట అడిగాడు.

"ఎట్లుంది?"

నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి. కట్టుబాటు తెలిసినవాళ్ళందరూ తలలు వంచుకున్నారు. ఒకరిద్దరు పీరు వైపు చూశారు. ఏమంటాడో, అసలు ఏమన్నా అంటాడో లేదో.

లాల్ సా తాత నోట్లో ఉన్న ముక్క పూర్తిగా నమిలాడు. మింగాడు. ఇంకో ముక్క తుంచుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఆ తర్వాత వరస మధ్యలోంచి ఎవరో, కొంచెం జంకుతూ, అడుగు మాడిందన్నారు. ఇంకెవరో కాదు, బాగానే కాలిందన్నారు. అవ్వ ఏమీ అనలేదు. గిన్నెలో పాలు అయిపోతే చెయ్యి చాచి ఇంకొన్ని పొయ్యమంది.

తాత పక్కకు జరిగి, సుప్ర ముందు మనిషి పట్టేంత చోటు చేశాడు.

"కూర్చో" అన్నాడు. "రేపు ఉప్పు ఇంకొంచెం ఎక్కువ వెయ్యి."